అన్నింట్లో ముందున్నవాళ్ళు ఎందుకు కొనుక్కోవాలి?

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి హడావిడిగా రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. "గుడ్డ నేయడంలోనూ వైన్ తీయడంలోనూ పోర్చుగలే ముందుంది కదా, మరి ఇంగ్లాండ్ దగ్గర కొనాల్సిన అవసరం ఏంటి నాన్నా?" అన్నావు. తక్కువ వదులుకుని చేయగల పనే చేసి, మిగతాది కొనుక్కుంటే ఇద్దరికీ లాభమని చెప్పే తులనాత్మక ప్రయోజనం పాఠంలో అసలు అడగాల్సిన ప్రశ్న అదే. నిర్వచనం బట్టీపట్టినవాళ్ళు అక్కడ ఆగకుండా దాటిపోతారు. నువ్వు ఆగావు. నాకు చాలా సంతోషమేసింది.

ముందు అంకెలు చూద్దాం. ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో రాసిన పుస్తకంలో, విదేశీ వర్తకం మీద ఉన్న ఏడో అధ్యాయంలో ఇచ్చినవే ఇవి. కొంత గుడ్డ తయారవడానికి ఇంగ్లాండ్‌లో ఏడాదికి 100 మంది కావాలి, కొంత వైన్‌కు 120 మంది. అంతే గుడ్డకు పోర్చుగల్‌లో 90 మంది, అంతే వైన్‌కు 80 మంది చాలు. ఎవరు తక్కువ మందితో చేస్తారని చూస్తే ఇంగ్లాండ్‌కు అమ్ముకోవడానికి ఏమీ మిగలదు. రికార్డో చూసింది అది కాదు. ఆ 'కొంత'ను ఒక పాలు, అంటే ఒక వాటా అనుకుందాం. ఒక పాలు గుడ్డ నేస్తే ఎంత వైన్ వదులుకుంటున్నాం అని చూశాడు.

పోర్చుగల్‌లో గుడ్డ నేసే ఆ 90 మందిని ద్రాక్షతోటలోకి పంపితే 90ని 80తో భాగించు, 1.125 పాళ్ళ వైన్ వస్తుంది. అంటే వాళ్ళకు గుడ్డ ఖరీదు అంత వైన్. ఇంగ్లాండ్‌లో 100ని 120తో భాగిస్తే సుమారు 0.83. మనుషుల లెక్కలో గుడ్డ పోర్చుగల్‌లో చవక, వదులుకున్న వైన్ లెక్కలో ఇంగ్లాండ్‌లో చవక. అవకాశ వ్యయం అని మీ పుస్తకంలో ఉన్నది ఇదే.

మీ అమ్మ పని చూడు. జాకెట్టు కుట్టడంలోనూ, చీరకు ఫాల్ వేయడంలోనూ పక్కింటి పిన్నికంటే అమ్మ చెయ్యే వేగం. అయినా ఫాల్ చీరలన్నీ పిన్నికే ఇస్తుంది. అమ్మకు ఒక ఫాల్‌కు అరగంట, జాకెట్టుకు గంటన్నర పడుతుంది, అంటే ఒక ఫాల్ వేస్తే మూడో వంతు జాకెట్టు పోయినట్టే. పిన్నికి ఫాల్‌కు ముప్పావుగంట పట్టినా, జాకెట్టు కుట్టాలంటే ఒక పూటంతా పోతుంది. ఫాల్ వేస్తూ ఆవిడ వదులుకునేది తక్కువ. అన్నింట్లో వెనకబడ్డవాళ్ళకు కూడా ఏదో ఒక పనిలో చోటు ఉంటుందని ఈ లెక్క చెబుతుంది. ఈ సిద్ధాంతంలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట అది.

ఇప్పుడు లాభం. ఎవరి గుడ్డా వైనూ వాళ్ళే చేసుకుంటే ఇంగ్లాండ్‌కు 220 మంది కావాలి, పోర్చుగల్‌కు 170. ఇంగ్లాండ్ రెండు పాళ్ళూ గుడ్డే నేసి, ఒకదాన్ని ఒక పాలు వైన్‌కు మార్చుకుంటే 200 మంది చాలు. పోర్చుగల్ రెండు పాళ్ళూ వైనే తీస్తే 160. అక్కడ 20 మంది పని, ఇక్కడ 10 మంది పని ఆదా. ఇందులో కనికట్టు ఏమీ లేదు.

అయితే ఆ ఇరవైకీ పదికీ ఉన్న తేడా గమనించు. అది ఒకటికి ఒకటి మారకం వల్ల వచ్చిన పంపకం. పాలు గుడ్డకు 0.83 నుంచి 1.125 పాళ్ళ వైన్ దాకా ఏ రేటు కుదిరినా ఇద్దరికీ నష్టం లేదు. రేటు 1.125 దగ్గరికి జరిగితే లాభమంతా ఇంగ్లాండ్‌దే, పోర్చుగల్‌కు మిగిలేది దాదాపు సున్నా. రేటు ఎక్కడ కుదరాలో ఆ నాలుగు అంకెలు చెప్పవు. అది గిరాకీని బట్టి ఉంటుంది, బేరమాడే బలాన్ని బట్టి కూడా ఉంటుంది.

ఈ ఉదాహరణ గాలిలోంచి పుట్టలేదు. 1703లో ఆ రెండు దేశాల మధ్య మెథ్యూన్ ఒప్పందం జరిగింది. ఇంగ్లాండ్ ఉన్ని గుడ్డలకు పోర్చుగల్ తలుపులు తెరిచింది. బదులుగా పోర్చుగల్ వైన్ మీద ఇంగ్లాండ్ వేసే సుంకం ఫ్రెంచ్ వైన్ మీదకంటే మూడో వంతు తక్కువ. ఆ తర్వాత పోర్చుగల్‌లోని పోర్తో రేవులో వైన్ ఎగుమతి చాలావరకు ఇంగ్లిష్ వర్తకుల చేతుల్లోకి పోయింది. అమ్మిన వైన్ కొన్న గుడ్డ ఖరీదుకు చాలక, అప్పట్లో పోర్చుగల్ వలసగా ఉన్న బ్రెజిల్ నుంచి వచ్చిన బంగారం లండన్ దారి పట్టింది. ఈ అంకెలు వేసే టేబుల్‌లో 'పోర్చుగల్' అని ఒకే గడి ఉంటుంది. ఆ గడిలో తోట యజమాని, మగ్గం ఆగిపోయిన నేతగాడు ఇద్దరూ ఉన్నారు. లెక్క ఇద్దరినీ కలిపి కూడేస్తుంది.

మన భీమవరం చుట్టూ చూడు. వరి పండే చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువుల్లో ఉన్న వనామీ రకం రొయ్య మన సముద్రానిది కాదు, పసిఫిక్ అవతలి తీరాలది. 2009లో మన దేశంలో దాని సాగుకు అనుమతి వచ్చాక పెరిగిన ఎగుమతి వల్ల ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. ఈ మేలు కాదంటే అబద్ధం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళినప్పుడు ఊళ్ళో ఎంత టెన్షనో నువ్వూ విన్నావు. కౌంట్ రేటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధర, పడిపోతుందన్న భయం మొదట పట్టుకున్నది రొయ్యల మేత (ఫీడు) అప్పు మీద తెచ్చిన కౌలు రైతునే. పీలింగ్ షెడ్‌లో నిలబడి రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళకు పని దినాలు తగ్గుతాయేమోనన్న దిగులు. రేపటి నుంచి మళ్ళీ వరి వేస్తానంటే ఉప్పెక్కిన చెరువు నేల ఒప్పుకోదు. టేబుల్‌లో 90 మంది ఒక్క గీతతో మగ్గం మీంచి ద్రాక్షతోటకు నడిచిపోతారు. బయట ఆ నడకకు ఏళ్ళు పడుతుంది, మధ్యలో ఇల్లు గడవాలి.

అందుకని సిద్ధాంతం తప్పనుకోకు. దేశాల మధ్య గోడలు కడితే ముందు నలిగేది మళ్ళీ ఆ కౌలు రైతే. లాభం ఉందా అన్న ప్రశ్నకు రికార్డో జవాబు గట్టిది. ఎవరికి అందింది, అందనివాళ్ళకు ఎవరు ఏం చేశారు అన్నది విడిగా అడగాలి, ప్రతిసారీ అడగాలి. రికార్డో కూడా అలాంటి ప్రశ్నను తప్పించుకోలేదు. 1821లో వచ్చిన మూడో ముద్రణలో యంత్రాల మీద కొత్త అధ్యాయం చేర్చి, యంత్రాలు కూలివాళ్ళకు నష్టం చేయవచ్చని, తన పాత అభిప్రాయం మారిందని బాహాటంగా రాశాడు.

ఏడో అధ్యాయంతో పాటు అది కూడా లైబ్రరీలో తీసి చదువు. ఈలోగా ఒక లెక్క చెయ్యి. పాలు గుడ్డకు 1.1 పాళ్ళ వైన్ రేటు పెట్టి, ఎవరికి ఎంతమంది పని ఆదా అవుతుందో రాసి పంపు. పోర్చుగల్ వైపు ముందు చూడు.

మీ
నాన్న