గార్డు రేటు తగ్గింది, ఫిట్టింగ్ చార్జీ పెరిగింది

"జీఎస్టీ తగ్గిందంట కదన్నా, మరి క్రాష్ గార్డు రేటు తగ్గించవా?" అని షాపుకొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. (క్రాష్ గార్డంటే బండి పడినా ఇంజనుకి, ట్యాంకుకి దెబ్బ తగలకుండా పక్కల బిగించే పైపుల చట్రం.) తగ్గించాం. 2025 సెప్టెంబరు 22 నుంచి బైకు విడిభాగాల మీద పన్ను 28 శాతం నుంచి 18కి వచ్చింది. ఆ తేడా మొత్తం మీ బిల్లులోనే కనపడుతుంది. (అదే రోజు నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద పన్ను 40 శాతమైంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 ఇప్పుడే కొన్నవాళ్ళు ఆ కోపం నా మీద చూపించకండి.) అయితే క్రాష్ గార్డు ఫిట్టింగుకి ఇంతకుముందు 400 తీసుకునేవాళ్ళం, ఇకమీదట 900. గార్డు బయట కొని తెస్తే 1,200. రేటు ఓ పక్క తగ్గించి ఇంకో పక్క లాగుతున్నాడని అనుకునేలోపు, పని ఎలా జరుగుతుందో చెప్తాను.

గార్డు బిగించడం అరగంట పని అని చాలామంది లెక్క. రోజూ ఊళ్ళో తిరిగే పాత కమ్యూటర్ బండికి లెగ్ గార్డు వెయ్యడమైతే అరగంట కూడా ఎక్కువే. కొండలూ మట్టిదారులూ ఎక్కే ఎడ్వెంచర్ బండ్ల సంగతి వేరు. 2016లో వచ్చిన హిమాలయన్ 411కి ఇంజను కింద నుంచి ఫ్రేము పైపులు పోయేవి. 2023లో వచ్చిన 450కి కింద పైపుల్లేవు, ఇంజనే ఫ్రేములో భాగంగా బరువు మోస్తుంది. ఇలాంటి బండ్లకి గార్డు చాలావరకు ఇంజను మౌంటింగ్ బోల్టుల (ఇంజనుని ఫ్రేముకి పట్టించేవి) దగ్గరే కూర్చుంటుంది. అంటే కంపెనీ బోల్టు తీసి, దానికన్నా పొడుగుది వెయ్యాలి. ఇంజను కింద చెక్కముక్క పెట్టి, జాకీ ఆనించి, ఒక్కో బోల్టే మారుస్తాం. రెండూ ఒకేసారి ఊడదీస్తే ఇంజను వెంట్రుకవాసి దిగినా కొత్త బోల్టు దూరదు. సుత్తి పెట్టి కొడితే దూరుతుంది, మరలు పోతాయి.

తరవాత అన్ని బోల్టులూ చేత్తో పట్టించాకే పానా పట్టుకుంటాం. ఒక రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకుంటే, గార్డుని కాలితో తొక్కిపెట్టి బోల్టు ఎక్కించేయడం మన ఆటోనగర్లో చూడని వింతేమీ కాదు. ఎక్కుతుంది, చూడటానికి బాగానే ఉంటుంది. కానీ పైపులో ఆ లాగుడు అలాగే మిగిలిపోతుంది. ఏ మారేడుమిల్లి ఘాటులోనో గంటల తరబడి వైబ్రేషన్ తగిలాక వెల్డింగు పక్కన సన్నగా చీలుతుంది. మేం రౌండు ఆకురాయితో రంధ్రాన్ని సాగదీసి, ఎక్కడా బలవంతం లేకుండా కూర్చోబెడతాం. ఆ రుద్దడంలోనే టైమంతా పోతుంది. బయట కొన్న గార్డుకి 300 ఎక్కువ అడిగేది కూడా దీనికే.

బిగింపు టార్క్ రెంచితోనే, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో. 8.8 గ్రేడు ఎం8 బోల్టుకి (8 మిల్లీమీటర్ల లావుది) సుమారు 25 న్యూటన్ మీటర్లు చాలు. ఇంజను బోల్టులకైతే ఆ బండి సర్వీసు మాన్యువల్లో ఎంత రాసుంటే అంతే. బోల్టు వదులవకుండా మరలకి పూసే జిగురు, థ్రెడ్ లాకర్, నీలం రంగుది వేస్తాం. ఎర్రది వెయ్యమని అడుగుతుంటారు గానీ, అది ఊడాలంటే రెండొందల యాభై డిగ్రీల దాకా వేడి చెయ్యాలి. రేపు చింతూరు రోడ్డు పక్కన ఆ వేడి ఎవరు పెడతారు? అయ్యాక ప్రతి బోల్టు తల మీద నుంచి గార్డు మీదకి పసుపు పెయింటు గీత ఒకటి లాగుతాం. గీత తెగి అటూ ఇటూ అయిందంటే బోల్టు తిరిగిందన్నమాట. 500 కిలోమీటర్లకి ఒకసారి తెచ్చి చూపించండి, దానికి డబ్బులు తీసుకోం.

ఇక గార్డు ఎంపిక. "లావుపాటి పైపు వెయ్యన్నా, ఏం గుద్దినా వంగకూడదు" అంటారు. వంగాలి. గట్టిగా పడితే ముందు వంగాల్సింది గార్డు, ఫ్రేము కాదు. గార్డు వంగితే కొత్తది కొనుక్కోవచ్చు. మౌంటింగు దగ్గర ఫ్రేము వంగితే ఆ ఖర్చు బండి ధరలో ఎన్నో వంతు అవుతుందో మీరే ఊహించుకోండి. అంగుళం పైపు, గోడ మందం 2 మిల్లీమీటర్లు ఉంటే మాకు సరిపోతుంది. మీటరుకి 1.15 కిలోలు తూగుతుంది. అదే 3 మిల్లీమీటర్లు చేస్తే మీటరుకి 1.66. హిమాలయన్ 450 పెట్రోలుతో కలిపి 196 కిలోలు. దాని మీద గార్డు, బాష్ ప్లేటు (ఇంజను కింద వేసే రక్షణ రేకు), ర్యాకులు, పెట్టెలు అన్నీ లావువే ఎక్కించి, "బండి లేపలేకపోతున్నా" అని వచ్చినవాళ్ళున్నారు.

మందం కన్నా ముందు నేను చూసేది మౌంటింగు, అంటే గార్డు బండిని పట్టుకునే చోటు. ఒక్కో పక్క కనీసం మూడు చోట్ల పట్టుకోవాలి. ఎడమ, కుడి గార్డుల్ని ముందు నుంచి ఒక అడ్డపైపు కలిపితే ఇంకా మంచిది. ఒక పక్క పడిన దెబ్బ రెండో పక్కకీ పంచుకుంటుంది. ఒకే బోల్టు మీద బయటికి పొడుచుకొచ్చే స్లైడర్లు (బండి పడితే నేల మీద జారే మొద్దులు), వాటి కింద బుష్షు (గొట్టం ముక్క) మీద బుష్షు పేర్చి పొడుగు చేసినవి ఇక మా దగ్గర దొరకవు. పడినప్పుడు గడ్డపారతో బండరాయి లేపినట్టు అవి మౌంటింగుని పెళ్ళగిస్తాయి. ఇంజను కేసింగుకి మాత్రమే బిగించే గార్డులు కూడా ఇకమీదట ఫిట్ చెయ్యం, మీరు తెచ్చినా సరే. అల్యూమినియం కేసింగు వంగదు, పగులుతుంది.

ఇంకో మాట, ఇది చెప్తే అమ్మకాలు తగ్గుతాయని మా తమ్ముడి గోల. గార్డు బండికి, మీ కాలికి కాదు. 1981లో అమెరికాలో హర్ట్ రిపోర్టని ఒకటొచ్చింది. సదర్న్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 బైకు ప్రమాదాల్ని స్పాట్‌కి వెళ్ళి పరిశీలించింది. క్రాష్ బార్ల వల్ల పాదం, చీలమండ దెబ్బలు తగ్గాయి, తొడ, మోకాలు, పిక్క దెబ్బలు అంతకంత పెరిగాయి, కాబట్టి మనిషికి కలిసొచ్చిందేమీ లేదని తేల్చారు. పాత లెక్కే, అప్పటి బండ్లు వేరు. అయినా గార్డు ఉంది కదా అని చెప్పులతో ఘాటు ఎక్కేవాళ్ళని చూస్తుంటాను, అందుకని రాస్తున్నా. బడ్జెట్ పదివేలే ఉంటే ముందు బూట్లు కొనండి, అవి నా దగ్గర లేవు కూడా.

నిజానికి మన దగ్గర గార్డుకి ఎక్కువ పని పడేది స్పీడులో కాదు, నిలబడ్డ చోటే. గుంటూరు పక్క నల్లరేగడిలో వాన పడ్డాక సైడ్ స్టాండు వేసి ఫొటో తీద్దామని దిగుతారు, వెనక్కి తిరిగేలోపు స్టాండు దిగబడి బండి పడుకుంటుంది. దీనికి స్టాండు కింద వేసే వెడల్పాటి ప్లేటు చాలు, గార్డు ఖర్చులో పదో వంతు కూడా కాదు. అలా పడినప్పుడు గార్డు ట్యాంకునీ రేడియేటర్‌నీ కాపాడుతుంది గానీ గేరు లివర్‌ని కాపాడదు. ఒక లివర్ బ్యాగులో పడేసుకోండి.

హ్యాండ్ గార్డు లోపల అల్యూమినియం కడ్డీ ఉన్నదే తీసుకోండి, హ్యాండిల్ చివరా, మధ్యలో క్లాంపు దగ్గరా రెండు చోట్లా పట్టుకునేది. బిగించాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి బ్రేకు హోసు ఎక్కడా నలగట్లేదని మీ ముందే చూపిస్తాం. బాష్ ప్లేటు 4 మిల్లీమీటర్ల అల్యూమినియం, ఆయిల్ డ్రెయిన్ బోల్టు దగ్గర కన్నం ఉన్నది. రేడియేటర్ గార్డు జాలీ మరీ సన్నది వద్దు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర గాలి అందక ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది.

సముద్రం పక్కన బందరు, బాపట్ల వైపు నుంచి వచ్చేవాళ్ళకి: పౌడర్ కోటింగు పైపు బయటే ఉంటుంది, లోపల ఉండదు. గార్డు కింది కొసన ఎర్రటి నీటిచుక్క కనపడితే లోపల తుప్పు మొదలైనట్టే. అందుకే కింది కొసన నీళ్ళు కారిపోయే చిన్న కన్నం ఉన్నవే తెప్పిస్తున్నాం. అంత తేలిగ్గా తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ 304 స్టీలు కావాలంటే ఆర్డరు మీద వస్తుంది, ధర బాగా ఎక్కువ.

పడిన గార్డుని గ్యాసుతో వేడిచేసి సాగదీయమని అడగొద్దు. వేడి పెట్టిన చోట పైపు మెత్తబడుతుంది, కోటింగు పోతుంది. పడ్డాక మౌంటింగు బోల్టులు ఊడదీసి చూస్తాం. వంగినవి పారేసి కొత్తవి వేస్తాం, బోల్టుల ధర తప్ప ఏమీ తీసుకోం. గార్డు బిల్లు జాగ్రత్తగా పెట్టుకోండి, ఇన్సూరెన్స్ రెన్యువల్ అప్పుడు యాక్సెసరీస్ కింద రాయించండి. రాయించనిదానికి క్లెయిమ్ అడిగి లాభం లేదు.

కొత్త రేట్లు సోమవారం నుంచి. రోజుకి రెండు బండ్లే తీసుకుంటాం, ముందు ఫోన్ చేసి రండి. పొద్దున పదింటికల్లా తెస్తే సాయంత్రానికి ఇచ్చేస్తాం. బండి కడిగించి తీసుకురండి. మౌంటింగుల చుట్టూ మట్టి ఉంటే ఆ బోల్టు బిగించినా మళ్ళీ వదులవుతుంది, మేమే కడగాల్సొస్తే 150 అదనంగా పడుతుంది.