బుజ్జమ్మకు, ల్యాప్‌టాప్ కొనే ముందు

రాజమండ్రి,
30 ఆగస్టు 2025

బుజ్జమ్మా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. 3,19,900 రూపాయలు. ఫోన్లో మాట్లాడదామంటే నువ్వు పెళ్లి వీడియోల ఎడిటింగ్‌లో ఉంటావు, నేను కస్టమర్ల మధ్య ఉంటాను, రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదు ఇది. చవితి వెళ్లి మూడు రోజులైంది. భాద్రపదంలో ముహూర్తాలు లేవు కాబట్టి స్టూడియో ఖాళీగా ఉంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

వద్దనడానికి రాయడం లేదని ముందే చెప్తున్నాను. నీ పాత ల్యాప్‌టాప్‌తో నువ్వు ఎంత అవస్థ పడుతున్నావో నా కళ్లతో చూశాను. మొన్న వచ్చినప్పుడు రాత్రి రెండింటికి మంచినీళ్లకని లేస్తే హాల్లో లైటు వెలుగుతోంది. తలంబ్రాల షాట్ నువ్వు ప్లే చేస్తున్నావు, అది నాలుగు ఫ్రేములు కదిలి ఆగిపోతోంది, మళ్లీ కదులుతోంది. ఫ్యాను హోరు వంటింట్లోకి వినిపించింది. నువ్వు చెంప మీద చెయ్యి పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చున్నావు. సగం డబ్బు నేను పెడతానన్నది ఆ రాత్రి చూసే. ఆ మాట మీదే ఉన్నాను. నా దిగులల్లా ఆ డబ్బు నీ పని నిజంగా ఎక్కడ ఆగుతోందో అక్కడికి చేరుతుందా లేదా అన్నదే.

నువ్వు ఎంచుకున్న మెషీన్‌ని కాగితం మీద విడదీసి చూశాను. 14 అంగుళాల మాక్‌బుక్ ప్రో, ఎం4 ప్రో చిప్‌తో 1,99,900 దగ్గర మొదలవుతుంది. దానికి 24 జీబీ మెమరీ, 512 జీబీ స్టోరేజ్ ఉంటాయి. చిప్‌లో రెండు కోర్లు (పని చేసే భాగాలు), గ్రాఫిక్స్‌లో నాలుగు కోర్లు ఎక్కువున్నది 1 టీబీతో కలిపి 2,39,900. అక్కడి నుంచి మెమరీ 48 జీబీ చేశావు, నలభై వేలు. స్టోరేజ్ 2 టీబీ చేశావు, ఇంకో నలభై వేలు. అలా 3,19,900 అయింది. సరిగ్గా అదే ధరకి పక్కనే ఎం4 మ్యాక్స్ కూడా కనిపిస్తుంది, 36 జీబీతో, 1 టీబీతో. ఇంకో రెండు రోజులాగితే నువ్వు దాని స్క్రీన్‌షాట్ పంపేదానివేమో. ధరలు మెట్లుగా పేర్చడమే అలా పేరుస్తారు. ఒక్కో మెట్టు ఇరవై వేలో నలభై వేలో ఉంటుంది. కింద ఇంత పెట్టాం కదా, ఇంకొంచెం పెడితే పోదా అనిపిస్తూనే ఉంటుంది. 1,99,900 నుంచి చూస్తే లక్షా ఇరవై వేలు ఎక్కావు. ఆ లక్షా ఇరవై వేలలో ఎంత నీ టైమ్‌లైన్ దాకా వస్తుందన్నదే చూడాలి.

నాకు ఈ పట్టింపు ఎందుకో చెప్తాను. 2006లో, ఫోటోలన్నీ కలిపి పెద్ద షీట్లుగా డిజైన్ చేసే కరిష్మా ఆల్బమ్‌లు మొదలైన రోజుల్లో మన షాపుకి కొత్త కంప్యూటర్ కొన్నాను. ఉన్న డబ్బంతా ప్రాసెసర్‌కి పెట్టాను. షాపులో ఏది ఫాస్ట్ అంటే అదే కావాలన్నాను, ర్యామ్ (అంటే మెమరీ) మాత్రం 512 ఎంబీతో సరిపెట్టాను. 12×36 షీటు 300 డీపీఐలో తెరిస్తే లేయర్లు లేకుండానే దాదాపు 110 ఎంబీ. దాని మీద పెళ్లికూతురి ఫోటో, పక్కన మండపం, పైన పూల బోర్డర్ పెట్టేసరికి ర్యామ్ నిండిపోయేది. ఇక ఫోటోషాప్ హార్డ్ డిస్క్ మీద రాసుకోవడం మొదలుపెట్టేది. కరకరమని ఒకటే చప్పుడు. ఒక్క ఫోటో జరిపితే నేను వెళ్లి టీ తాగొచ్చేవాణ్ని. అంత ఖరీదైన ప్రాసెసర్ డిస్కు కోసం కాచుక్కూర్చునేది. ఆరు నెలలు అలాగే నెట్టుకొచ్చాను. చివరికి మెకానిక్ కుర్రాడొకడు మూత తీసి 1 జీబీ ర్యామ్ ముక్క ఒకటి గుచ్చాడు. ఐదు వేలు కూడా కాలేదు. ఆ సాయంత్రమే మూడు షీట్లు పూర్తి చేశాను. మీ అమ్మనడుగు, ఆ రోజు తొందరగా ఇంటికొచ్చానని తనకింకా గుర్తు.

అప్పుడు నా తప్పు ఐదు వేలతో సరైపోయింది, ఎందుకంటే మూత తెరుచుకునేది. నువ్వు కొనబోయే దానికి ఆ వీలు లేదు. మెమరీ చిప్‌తో కలిపే వస్తుంది, స్టోరేజ్ బోర్డుకి అతికించే ఉంటుంది. ఆపిల్ వాళ్లు 2012 రెటినా మోడల్ నుంచే ర్యామ్‌ని బోర్డుకి అతికించేస్తున్నారు. కొన్న రోజు ఎంత ఉంటే చివరిదాకా అంతే. అందుకే రెంటినీ వేర్వేరుగా చూడమంటున్నాను. స్టోరేజ్ చాలకపోతే బయట నుంచి తగిలించుకోవచ్చు. మెమరీ చాలకపోతే చేసేదేమీ లేదు.

స్టోరేజ్ లెక్క నీ పని బట్టే వేశాను. మీ కెమెరాల్లో 4కే, 50 ఫ్రేములు, రంగుల వివరం ఎక్కువగా నిలిపే 10 బిట్ 4:2:2లో తీస్తున్నామన్నావు. అది సెకనుకి 200 మెగాబిట్లు, అంటే 25 మెగాబైట్లు. గంటకి 90 జీబీ. మూడు కెమెరాలవీ కలిపి ఐదు గంటల ఫుటేజ్ అనుకున్నా ఒక్క పెళ్లికి 450 జీబీ. 2 టీబీ తీసుకున్నా నాలుగు పెళ్లిళ్లతో నిండిపోతుంది, మాఘమాసంలో అది రెండు వారాల పని. ఎలాగూ బయటి డిస్కులు కొనక తప్పనప్పుడు, లోపల ఇంకో 1 టీబీకి నలభై వేలు ఎందుకు? ఇక స్పీడంటావా, మూడు కెమెరాలూ ఒకేసారి ప్లే చేసినా సెకనుకి 75 మెగాబైట్లే కావాలి. బయట తగిలించే మామూలు యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ సెకనుకి వెయ్యి దాకా ఇస్తుంది. 2 టీబీది పదిహేను వేల చుట్టూ దొరుకుతోంది. ఒక్కటి గుర్తుపెట్టుకో. పెట్టె మీద 20 జీబీపీఎస్ అనో, సెకనుకి 2000 ఎంబీ అనో ఉన్న యూఎస్‌బీ డిస్కులకి ఎక్కువ డబ్బు పెట్టకు. మాక్‌లో ఆ రకం యూఎస్‌బీ సగం స్పీడుకే పనిచేస్తుంది. లోపల మాత్రం 512 తీసుకోవద్దు. సాఫ్ట్‌వేర్లు, రెండర్ క్యాష్, నడుస్తున్న ప్రాజెక్టు ఒకటీ పెట్టుకోవడానికి 1 టీబీ ఉండాలి.

మీ రూమ్మేట్ విండోస్ గేమింగ్ ల్యాప్‌టాప్ చూడమందన్నావు కదా, ఆర్‌టీఎక్స్ 4070 అనే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్నది. ఆ అమ్మాయి మాటలో నిజం లేకపోలేదు. చాలా వాటికి మూత విప్పితే రెండు ర్యామ్ స్లాట్లుంటాయి, ఇంకో ఎస్‌ఎస్‌డీకి చోటుంటుంది, నా 2006 పద్ధతి వాటిలో ఇంకా పనిచేస్తుంది. కానీ ల్యాప్‌టాప్‌లో 4070 అంటే గ్రాఫిక్స్ మెమరీ 8 జీబీ, దాన్ని పెంచలేం. 4కే టైమ్‌లైన్ మీద మసక చుక్కలు తగ్గించే నాయిస్ రిడక్షన్ వేసి, రంగులు దిద్దే గ్రేడింగ్ నోడ్లు నాలుగు పెట్టావంటే గ్రాఫిక్స్ (జీపీయూ) మెమరీ ఫుల్ అని నీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రిజాల్వ్ చెప్పేస్తుంది. మాక్‌లో ఉన్న 24 జీబీనే చిప్పూ గ్రాఫిక్సూ పంచుకుంటాయి కాబట్టి అక్కడ ఊపిరాడుతుంది. ఇంకోటి, ఒకే పేరుతో ఉన్న ఆ కార్డునే ఒక కంపెనీ తక్కువ కరెంటు ఇచ్చి, ఇంకో కంపెనీ ఎక్కువ కరెంటు ఇచ్చి నడుపుతుంది. 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఉంటుంది. పేరు చూసి కొంటే మోసపోతాం.

అన్నిటికంటే ముఖ్యమైనది నీ 4:2:2 ఫుటేజ్. నీ పాత ల్యాప్‌టాప్‌లో తలంబ్రాల షాట్ ఆగిపోయింది బాగా కుదించి ఉన్న ఆ హెచ్.265 ఫైళ్లని విప్పలేకే. 40 సిరీస్ ఎన్‌విడియా కార్డులకి ఆ రకం ఫైళ్లు విప్పే ఏర్పాటు లేదు, ఇంటెల్ చిప్‌లోని గ్రాఫిక్స్ ఉంటే అది విప్పుతుంది. 50 సిరీస్‌లో ఇప్పుడొచ్చింది. మాక్‌లో దీనికి మీడియా ఇంజిన్ అని వేరే భాగమే ఉంది. ఎం4 ప్రోలో ఎన్ని కోర్లున్నా ఆ ఇంజిన్ ఒకటే. ఈ సంగతి చదివాక నాకు చాలా తేలికైంది, బుజ్జమ్మా. నీ అసలు కష్టం తీర్చే భాగం 1,99,900 దాంట్లోనూ ఉంది, నువ్వు పంపిన దాంట్లోనూ అదే ఉంది. మ్యాక్స్‌లో ఎక్స్‌పోర్ట్ చేసే ఇంజిన్లు రెండుంటాయి, నిజమే. కానీ ఎక్స్‌పోర్ట్ నువ్వు రాత్రి పెట్టి పడుకునే పని. దానికి లక్ష పెట్టక్కర్లేదు.

నేను మాక్ వైపే మొగ్గడానికి ఇంకో కారణం భీమవరం పెళ్లి. రిసెప్షన్‌లో స్క్రీన్ మీద వెయ్యాల్సిన హైలైట్స్ ఫంక్షన్ హాల్ మెట్ల మీద కూర్చుని కట్ చేశావు, కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు నీ మొహంలో టెన్షన్ చూశాను. గేమింగ్ ల్యాప్‌టాప్ ప్లగ్ తీస్తే బాగా నెమ్మదిస్తుంది, దాని అడాప్టరే ఇటుకంత ఉంటుంది. మాక్ అయితే బ్యాటరీ మీదా అంతే స్పీడుగా నడుస్తుంది.

ఇక మెమరీ. 24 జీబీయా, 48 జీబీయా? ఇందులో నా ఊహ, నీ ఊహ రెండూ వద్దు. మీ ఆఫీసులో 24 జీబీ మాక్ మినీ ఉందన్నావు. రేపు దాని మీద నీ బరువైన ప్రాజెక్టు తెరువు, రీల్స్‌కి వాడే చిన్నది వద్దు. పక్కన, మెషీన్ మీద ఎంత భారం పడుతోందో చూపించే యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెజర్ గ్రాఫ్ పెట్టుకో. నువ్వు రోజూ చేసేలాగే గ్రేడింగ్ చెయ్యి, నాయిస్ రిడక్షన్ వెయ్యి, వెనక బ్రౌజర్ తెరిచి ఉంచు. గ్రాఫ్ ఆకుపచ్చగానే ఉంటే 24 చాలు. మాటిమాటికీ పసుపులోకి, ఎరుపులోకి వెళ్తుంటే 48 తీసుకో, ఆ నలభై వేలు నేను సంతోషంగా ఇస్తాను. అది తర్వాత పెట్టలేని డబ్బు.

24 చాలితే 12 కోర్ల దానికి, అంటే 1,99,900 దానికి, 1 టీబీ పెట్టించుకుంటే 2,19,900 అవుతుంది. కానీ ఇక్కడో మెలిక ఉంది. అలా మార్పించుకున్నది ఆర్డర్ మీద రావాలి, షాపుల్లో ఉండదు, పండగ తగ్గింపులు సాధారణంగా దానికి వర్తించవు. 14 కోర్లు, 24 జీబీ, 1 టీబీ ఉన్న 2,39,900 ది మాత్రం రెడీ మోడల్. దసరాకి బ్యాంకు కార్డు తగ్గింపు, షాపు తగ్గింపు కలిసి ఆ ఇరవై వేల తేడా పూడిపోతే అదే తీసుకో, కోర్లు ఊరికే వచ్చినట్టు. పూడకపోతే మొదటిదే. ఇంకో సంగతి, 2023లోనూ 2024లోనూ కొత్త ప్రో మోడల్స్‌ని అక్టోబర్ నెలాఖరులోనే ప్రకటించారు. కార్తీకం పెళ్లిళ్ల పని మొదలయ్యేలోపు నీ చేతిలో ఉండాలి కాబట్టి మరీ ఎదురుచూడమనను, కానీ ఈ వారమే పరిగెత్తనూ వద్దు.

ఈఎంఐ పెడితే నో కాస్ట్ అన్న మాట ఒక్కటే చూసి పెట్టకు. వడ్డీ మేరకు తగ్గింపు ఇస్తారు గానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మన మీదే పడతాయి. కాగితం అడిగి చూడు.

మిగిలే ఎనభై వేల నుంచి లక్ష దాకా ఏం చెయ్యాలో కూడా చెప్తాను, ఈ మాట మాత్రం తప్పకుండా విను. 2015 పుష్కరాల తర్వాత శ్రావణంలో మనం తీసిన ఒక పెళ్లి వీడియో మొత్తం ఒకే డిస్కులో ఉంచాను. ఆ డిస్కు పోయింది. టక్ టక్ మని రెండు రోజులు కొట్టుకుని ఆగిపోయింది. హైదరాబాద్ పంపినా రాలేదు. పెళ్లికూతురి తాతగారు ఆ పెళ్లయిన నెలకే పోయారు. ఆయన మనవరాలి తల మీద అక్షింతలు వేస్తున్న షాట్ అందులోనే ఉంది. వాళ్ల నాన్నగారు మన షాపుకొచ్చి, పోనీలెండి అన్నారు. ఆయన తిట్టి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. ఇప్పటికీ ఆ వీధిలో వెళ్లాలంటే కాళ్లు ఆడవు.

అందుకని రెండు 2 టీబీ ఎస్‌ఎస్‌డీలు కొను, ఒకదాని మీద పని చెయ్యి, రెండోది దానికి కాపీ. డెలివరీ అయిపోయిన పెళ్లిళ్లకి ఒక పెద్ద హార్డ్ డిస్క్ నీ గదిలో, ఇంకోటి ఇక్కడ మన బీరువాలో. కొత్త ల్యాప్‌టాప్‌లో బోర్డు పోతే లోపలి ఫైళ్లు కూడా పోయినట్టే, స్టోరేజ్ ఊడదీసి ఇంకో దాంట్లో పెట్టి చూసే దారి లేదు. కెమెరా కార్డులు ఖాళీ చేసేది రెండు చోట్లా కాపీ అయిందని చూసుకున్నాకే. మిగిలిన దాంట్లో కలర్ సరిగ్గా చూపించే మానిటర్ ఒకటి తీసుకో. 14 అంగుళాల మీద రోజంతా గ్రేడింగ్ చేస్తే నీ కళ్లు అలిసిపోతాయి. నీ పవర్ ఇప్పటికే ఒకసారి పెరిగింది.

అమ్మ సున్నుండలు చేసింది. ఆదివారం మన వీధి వాళ్లబ్బాయి హైదరాబాద్ వస్తున్నాడు, అతని చేత పంపుతున్నాను. డబ్బాలోనే, కింద, నా దగ్గర వాడకుండా ఉన్న 4 టీబీ హార్డ్ డిస్క్ గుడ్డలో చుట్టి పెట్టాను. ముందు దాన్ని చెక్ చేసుకో. రేపు ఆ గ్రాఫ్ ఏ రంగులో ఉందో ఫోటో తీసి పంపు, నేను మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
నాన్న