రెండో విండోస్‌కు ముందు బ్యాకప్

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిశాక, పాతదాన్ని వదులుకోలేని చాలామంది ఒకే కంప్యూటర్‌లో విండోస్ 10, 11 రెండింటినీ ఉంచుకోవాలనుకుంటున్నారు. ఆ ఆలోచనలో తప్పు లేదు గాని, డిస్క్‌ను విభజించే ముందు బ్యాకప్ తీసుకోకపోవడం నన్ను కలవరపెడుతోంది. నేను డి డ్రైవ్‌లోకి నకలు చేసుకున్నానన్న ధీమాతో పని మొదలుపెట్టాను; సి, డి రెండూ ఒకే డిస్క్‌లోని భాగాలన్న సంగతి, డిస్క్ భాగాల వివరాలుండే పార్టిషన్ పట్టిక చెడిపోయి ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలన్నీ పోయాకే తెలిసివచ్చింది.

కాబట్టి బ్యాకప్ విడిగా ఉండే బయటి డిస్క్‌లోనే ఉండాలి. ఫైళ్లతో సరిపెట్టక సిస్టమ్ మొత్తాన్ని ఇమేజ్‌గా (విండోస్‌తో సహా అంతటికీ కలిపి ఒకే నకలుగా) తీసి, అందులోంచి కొన్ని ఫైళ్లనైనా తెరిచి చూసుకోవాలి. బిట్‌లాకర్ (డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం) వాడేవారు 48 అంకెల రికవరీ కీని కాగితంపై రాసుకోవడం మరీ ముఖ్యం, ఎందుకంటే బూట్ (కంప్యూటర్ మొదలయ్యే) అమరికలు మారినప్పుడు కంప్యూటర్ దాన్ని అడగవచ్చు. ముందు పాత వెర్షన్‌ను, తర్వాత కొత్తదాన్ని ఇన్‌స్టాల్ చేయడం మేలు. రెండూ ఒకే డ్రైవ్‌ను వాడుకుంటుంటే కంప్యూటర్ త్వరగా తెరుచుకునేందుకు విండోస్‌ను పూర్తిగా మూయకుండా ఉంచే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయాలి. లేకుంటే ఒకటి పూర్తిగా మూయని ఫైళ్లను మరొకటి మార్చి పాడుచేసే ప్రమాదం ఉంది.

మీ సాంకేతిక శీర్షికలో ఈ విషయం రాసేటప్పుడు బ్యాకప్‌ను మొదటి మెట్టుగా వివరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు