సమ్నర్‌కీ ఒక ట్రిప్ వేద్దాం

సంపాదకుడు గారికి నమస్కారం.

మెంఫిస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లం సెలవులొస్తే పిల్లల్ని స్మోకీ మౌంటెన్స్‌కో, బీచ్‌కో తీసుకెళ్తాం. మిసిసిపీలో పత్తి చేల మధ్య ఉన్న టలహాచీ కౌంటీ వైపు ఎవరం వెళ్లం. మొన్న మేం పనిగట్టుకుని వెళ్లొచ్చాం.

1955 ఆగస్టులో చికాగో నుంచి చుట్టాలింటికి వచ్చిన ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి కుర్రాణ్ణి ఎత్తుకెళ్లి, చంపి, టలహాచీ నదిలో పడేశారు. ఆ కౌంటీలోనే ఉన్న సమ్నర్ అనే ఊరి కోర్టులో అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ గంటకు కాస్త పైగా మాట్లాడుకుని నిందితులిద్దరినీ వదిలేసింది. కొన్ని నెలలకు వాళ్లే డబ్బు తీసుకుని ఒక పత్రికకు నేరం ఒప్పుకున్నారు.

2007 అక్టోబరు 2న అదే కోర్టు ముందు ఆ కౌంటీవాళ్లు, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి, టిల్ కుటుంబానికి క్షమాపణ చదివి వినిపించారు. మరుసటి ఏడు నది ఒడ్డున గ్రాబాల్ ల్యాండింగ్ అనే చోట టిల్ జ్ఞాపకార్థం ఒక బోర్డు పెడితే పీకేశారు. ఇంకోటి పెడితే తుపాకులతో కాల్చారు. 317 తూట్లు పడిన ఆ రేకుని తర్వాత వాషింగ్టన్ మ్యూజియంలో ప్రదర్శించారు. 2018లో మూడోది పెట్టిన 35 రోజులకే మళ్లీ కాల్పులు. ఇప్పుడున్నది నాలుగోది. దాదాపు 225 కిలోల బరువు, తూటా దిగని అద్దం. మా అమ్మాయి ఆ అద్దం మీద వేలితో తట్టి, "బోర్డుకి ఇంత మందం ఎందుకు నాన్నా?" అంది. దానికి జవాబు చెప్పడానికి ఇంటికొచ్చేదాకా పట్టింది.

ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెడితే, "పాత గొడవలు పిల్లలకెందుకండీ" అన్నారొకాయన. పాతదే అయితే 2018లో తుపాకీ ఎందుకు పేలినట్టు? మనకు సంబంధం లేదనడం కూడా సరికాదు. మనవాళ్లు ఇంతమంది ఇక్కడికి రావడానికి తలుపు తీసింది 1965 వలస చట్టం. ఆ చట్టానికి దారి వేసింది నల్లవాళ్ల హక్కుల పోరాటం. టిల్ తల్లి మేమీ పట్టుబట్టి అంత్యక్రియల్లో కొడుకు శవపేటిక మూత తెరిచే ఉంచింది. ఛిద్రమైన ఆ ముఖం చూసి ఎంతోమంది పోరాటంలోకి వచ్చారు.

కోర్టు హాలుని 1955లో ఎలా ఉండేదో అలాగే బాగుచేశారు. 2023లో అది, నది ఒడ్డు జాతీయ స్మారకంలో భాగమయ్యాయి. కోర్టు దగ్గరే టిల్ పేరున ఒక కేంద్రం కూడా ఉంది. మన సంఘాలు ఏటా వేసే ట్రిప్పుల్లో సమ్నర్‌నీ చేర్చాలి. ఉగాదికి పోగయ్యే విరాళాల్లో కొంత ఆ కేంద్రానికి పంపాలి.

ఆగస్టు 28 టిల్‌ని చంపిన రోజు. ఈసారి ఆ రోజుకి మా రెండు కుటుంబాలు వెళ్తున్నాయి. వ్యాన్‌లో ఇంకా ఆరు సీట్లున్నాయి.

— ఒక పాఠకుడు, జర్మన్‌టౌన్, టెన్నెసీ