ఒకే వీధిలో రెండు బ్రాంచీలు, పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక్కటీ లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ప్రభుత్వ బ్యాంకులు కోలుకున్నాయి, విలీనాలు కలిసొచ్చాయి అని పేపర్లలో తరచూ చదువుతున్నాను. కాదనడానికి ఆ లెక్కలు నాకు తెలియవు. కానీ విలీనం తర్వాత కింద బ్రాంచీ దగ్గర ఏం జరిగిందో ఎవరూ రాయడం లేదు, అందుకే నేను రాస్తున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది. కత్తిరించాల్సి వస్తే నా షాపు గోల కత్తిరించండి, పల్లెల సంగతి మాత్రం ఉంచండి.

నాది జిరాక్స్ షాపు, కృష్ణా జిల్లాలో ఒక మండల కేంద్రంలో. పదహారేళ్లుగా ఒక ప్రభుత్వ బ్యాంకు బ్రాంచీని ఆనుకునే ఉంది. ఏ బ్యాంకో పేరు రాయను, 2019లోనో 2020లోనో విలీనమైన వాటిలో ఒకటి అనుకోండి చాలు. కిందటేడు ఆ బ్రాంచీ ఎత్తేశారు. అంటే నా బేరం పోయింది, కాబట్టి ఈ ఉత్తరంలో నా స్వార్థం ఉంది, అది ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆధార్ కాపీలు, పాస్‌బుక్ మొదటి పేజీ కాపీలు, ఫారాలు నింపిపెట్టడం, వీటి మీదే బతికినవాణ్ణి.

జరిగింది ఏమిటంటే, మా ఊళ్లో రెండు వేర్వేరు బ్యాంకులకి ఒక్కొక్క బ్రాంచీ ఉండేది, మధ్యలో నాలుగు వందల మీటర్ల దూరం. పైన ఆ రెండు బ్యాంకులూ ఒకటయ్యాయి. కొన్నాళ్లు బోర్డులు మాత్రమే మారాయి. తర్వాత ఒకే వీధిలో ఒకే బ్యాంకుకి రెండు బ్రాంచీలు ఎందుకన్నారు, మా పక్కది మూసి అందులో కలిపేశారు. వినడానికి న్యాయంగానే ఉంది, నేనైనా రెండు షాపులుంటే ఒకటి తీసేస్తాను. కాకపోతే రెండు చోట్లా కలిపి నాలుగు కౌంటర్లు ఉండేవి, ఇప్పుడు రెండున్నాయి, అందులో ఒకటి భోజనాల వేళ దాటాక తెరవరు. ఖాతాలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు, అన్నీ అక్కడికే వెళ్లాయి.

కౌంటరు తగ్గితే ఏమవుతుందో ఒక్క ముక్క చెప్తాను. మా వైపు రైతులు పంట అప్పు బంగారం మీదే ఎక్కువ తీసుకుంటారు. ఇదివరకు ఏడాది తిరిగేసరికి వడ్డీ కట్టి తిరగరాయించుకునేవాళ్లు. ఇప్పుడు అలా కుదరదు, అసలు, వడ్డీ మొత్తం కట్టి నగలు విడిపించి, మళ్లీ తూకం వేయించి కొత్తగా పెట్టాలంటున్నారు మా బ్రాంచీలో. అంత డబ్బు రైతు దగ్గర ఎక్కడుంటుంది, ఒక్క రోజుకని చేబదులు తెస్తాడు. మొన్నామధ్య ఒకతను లక్షా ఎనభై వేలు అలాగే తెచ్చాడు, రోజుకి తొమ్మిది వందల వడ్డీ. పొద్దున పదింటికి వస్తే టోకెను అరవై దాటింది. డబ్బు కట్టి నగలు చేతిలోకి తీసుకునేసరికి మూడున్నర, అప్పటికి తూకం వేసే అప్రైజర్ వెళ్లిపోయాడు, అతను ఇంకో రెండు బ్రాంచీలకి కూడా తిరగాలి మరి. ఆ రోజు శుక్రవారం, మర్నాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. నా షాపు బెంచీ మీద కూర్చుని, "బాబాయ్, వెళ్లాల్సిన డబ్బు లోపలికెళ్లింది, వెళ్లాల్సిన నగలు మాత్రం నా జేబులోనే ఉండిపోయాయి" అని నవ్వాడు. ఆ నవ్వుకి ఖరీదు మూడు రోజుల వడ్డీ, రెండు వేల ఏడు వందలు. ఇది బ్యాంకు లెక్కల్లో ఎక్కడా కనపడదు, కలిపేయడం వల్ల ఎంత అద్దె మిగిలిందో అది మాత్రం తప్పకుండా కనపడుతుంది.

అలాగని పాత రోజులు బంగారం అని నేననను. మూసేసిన బ్రాంచీలో కూడా లింకు లేదని పూటలు పూటలు కూర్చోబెట్టారు, పాస్‌బుక్ ప్రింటరు ఆర్నెల్లు పాడైపోయి ఉంది, తెలిసినవాళ్ల పని ముందు అయ్యేది. ఇప్పుడున్న బ్రాంచీలో పనిచేసే కుర్రాళ్లనీ అనను. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన అబ్బాయి ఒకడున్నాడు, మంచివాడు, పాపం అతను నేర్చుకున్న మొదటి తెలుగు మాట "రేపు రండి". రెండు బ్రాంచీల జనం ఒక్కడి మీద పడితే అంతకంటే ముందు ఏ మాట అవసరమొస్తుంది?

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. మా ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక పెద్ద పల్లె, దాని చుట్టూ ఇంకో ఐదు పల్లెలు ఉన్నాయి. ఈ ఆరింటిలో ఏ బ్యాంకుకీ బ్రాంచీ లేదు. ఎన్నడూ లేదు. డ్వాక్రా సంఘం అప్పు తీసుకోవాలంటే సంతకాలకి పదిమంది ఆడవాళ్లు ఒకే ఆటోలో ఒకరి మీద ఒకరు కూర్చుని మా ఊరు వస్తారు, ఆ రోజు కూలి పదిమందికీ పోయినట్టే. వాళ్లలో ఒకరి ఆధార్‌లో పేరు, పాస్‌బుక్‌లో పేరు తేడాగా ఉంటే ఇంకో రోజు, ఇంకో ఆటో. మా ఊళ్లో ఒక బ్రాంచీ ఎక్కువైందని బ్యాంకు వాళ్లే చెప్పారు కదా, ఆ ఎక్కువైనదాన్ని మూయకుండా అక్కడికి మార్చవచ్చు కదా? సిబ్బంది ఉన్నారు, ఖాతాలు ఉన్నాయి, బల్లలూ కుర్చీలూ లాకర్లూ ఉన్నాయి, చివరికి ఆ బ్రాంచీ ఖాతాదారుల్లో చాలామంది ఆ పల్లెల వాళ్లే. లారీ మాట్లాడి సామాను ఎక్కిస్తే సరిపోయేది. నేను అడగదలుచుకున్నది ఇదొక్కటే.

బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలు నా దగ్గరికి నోట్సు జిరాక్సుకి తెస్తారు, మా అమ్మాయి కూడా అందులో ఉంది. మెషిన్ తిరుగుతుండగా నేనూ చదువుతుంటాను. స్టేట్ బ్యాంకు 1955లో పుట్టినప్పుడు ఐదేళ్లలో 400 కొత్త బ్రాంచీలు తెరవాలని చట్టంలోనే రాశారట. 1969లో 14 బ్యాంకులని, 1980లో ఇంకో ఆరింటిని జాతీయం చేశారు, అది అందరికీ తెలిసిందే. నాకు బాగా నచ్చింది 1977 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. అప్పటికే బ్యాంకు ఉన్న చోట ఇంకో బ్రాంచీ తెరవాలంటే, బ్యాంకే లేని నాలుగు చోట్ల తెరిచి రావాలి. ఒకటికి నాలుగు. 1990లో అది ఎత్తేశారు. మా పెద్దవాళ్లు షావుకారు దగ్గర నుంచి బ్యాంకు మెట్లెక్కింది ఆ కాలంలోనే, వాళ్లకి ఆ నిబంధన సంగతి తెలియదు, ఊళ్లోకి బ్యాంకు వచ్చిందని మాత్రమే తెలుసు.

మన ఆంధ్రా బ్యాంకు సంగతే తీసుకోండి. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో మొదలుపెట్టారు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అంతకు మూడేళ్ల ముందు, అదే ఏప్రిల్ 1న, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. మొత్తం దేశంలో 2017లో 27 ఉన్న ప్రభుత్వ బ్యాంకులు ఇప్పుడు 12. పేర్లు పోయాయని ఏడ్చే వయసు నాది కాదు. ఆ పేరుండగా వెయ్యి చోట్ల తలుపులు తెరుచుకున్నాయే, ఆ తలుపుల సంగతే అడుగుతున్నాను. (పేరు మారినందుకు బాగుపడింది నిజానికి నేనే. పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు చెల్లకుండా పోయి, పాల కేంద్రం డబ్బులు వెనక్కి పోయి, ఊరంతా కొత్త కోడ్ కోసం పాస్‌బుక్ కాపీలు తీయించుకున్న నెలలో వచ్చినంత బేరం మళ్లీ చూడలేదు.)

పల్లెలకి బ్రాంచీ అక్కర్లేదు, బ్యాంకు తరఫున ఊళ్లోనే డబ్బు ఇచ్చి పుచ్చుకునే ఏజెంటు, బ్యాంకు మిత్ర, ఉన్నాడు కదా అంటారు. ఉన్నాడు, ఆ పెద్ద పల్లెలో కిరాణా కొట్టు అబ్బాయే, చిన్న మెషిన్ పెట్టుకుని కూర్చుంటాడు. 2017 నుంచి రిజర్వు బ్యాంకు లెక్క ప్రకారం రోజుకి కనీసం నాలుగు గంటలు, వారానికి ఐదు రోజులు ఒక చోట కూర్చుంటే అదీ బ్యాంకింగ్ అవుట్‌లెట్టే, సిబ్బంది ఉన్న బ్రాంచీ అయినా ఒకటే, ఈ కొట్టయినా ఒకటే. అందుకే కాగితం మీద ఆ పల్లెకి బ్యాంకు ఉంది. కానీ నాట్లు వేసి అరిగిపోయిన వేళ్లకి ఆ మెషిన్ మీద ముద్ర పడదు. నేను కళ్లారా చూశాను, ఒకావిడ వేలు కొంగుకి తుడిచి, జుట్టుకి రుద్ది, మళ్లీ పెట్టి, ఆరోసారికి "రేపు పొద్దున్నే వస్తాలే, అప్పుడు చెయ్యి మెత్తగా ఉంటుంది" అని వెళ్లిపోయింది. ముద్ర పడ్డా అతని గల్లాలో నగదు ఉండాలి, అది అతని సొంత డబ్బు, అయిపోతే సాయంత్రం రమ్మంటాడు, అతను మాత్రం ఏం చేస్తాడు. ఇక బంగారం పెట్టడానికీ, పంట అప్పుకీ, లాకరుకీ, సంఘం పత్రాలకీ అతను పనికిరాడు. అవన్నీ అవసరమైనవాళ్లు మా ఊరు రావాలి, లేదా ఊళ్లోనే నూటికి రెండు రూపాయల వడ్డీకి పెట్టుకోవాలి. రెండోదే చాలామంది చేస్తున్నారు, ఆటో ఖర్చు, పోయిన కూలి కలిపి లెక్కేసుకుంటే చిన్న మొత్తాలకి అదే చవక అని వాళ్ల వాదన, నేను కాగితం మీద వేసి చూశాను, తప్పని చెప్పలేకపోయాను.

మూసేటప్పుడు ఎవరినైనా అడగాలి కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. జనాభా 10 వేల లోపు ఉన్న పల్లెలో అవుట్‌లెట్ మూయాలంటే జిల్లా సంప్రదింపుల కమిటీ ఒప్పుకోవాలి, దానికి కలెక్టర్ గారే పెద్ద. 10 వేలు దాటితే సెమీ అర్బన్, అంటే చిన్న పట్నం కింద లెక్క, అక్కడ ఉన్న ఒకే ఒక్క అవుట్‌లెట్‌ని మూస్తేనే కమిటీ దాకా వెళుతుంది. మా ఊరు 10 వేలు ఎప్పుడో దాటింది, ఇంకో బ్రాంచీ ఉంది, కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. ఆ బ్రాంచీ మీద ఆధారపడ్డ ఆరు పల్లెలు ఈ లెక్కలో ఎక్కడా లేవు, ఎందుకంటే మూసింది వాళ్ల ఊళ్లో కాదు, వాళ్ల ఊళ్లో మూయడానికి ఏమీ లేదు. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాద్దామా అంటే బ్యాంకుల వ్యాపార నిర్ణయాల మీద ఫిర్యాదులు తీసుకోరట, ఇదీ ఆ నోట్సులోదే.

కాబట్టి మీ పేపరు ద్వారా జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ మేనేజర్ గారినీ కలెక్టర్ గారినీ కోరేది ఇది. ఒకే బ్యాంకుకి ఒకే ఊళ్లో రెండు బ్రాంచీలు మిగిలిన చోట్లు జిల్లాలో ఇంకా ఉన్నాయి, నాకు తెలిసే రెండు ఊళ్లున్నాయి. వాటిని కలిపే ముందు, చుట్టూ పదిహేను కిలోమీటర్లలో బ్రాంచీ లేని పెద్ద పల్లె ఏదైనా ఉందేమో కమిటీలో ఒక్కసారి చూడండి, ఉంటే అక్కడికి మార్చమని బ్యాంకుని అడగండి. ఒకటికి నాలుగు అడగడం లేదు, ఒకటికి ఒకటే. నష్టం వస్తుందని బ్యాంకు వాళ్లంటే, మా పక్క బ్రాంచీలో బంగారం అప్పులు ఏ పల్లెల నుంచి వచ్చాయో వాళ్ల దగ్గరే లెక్క ఉంటుంది, అది చూశాక మాట్లాడమనండి. మీ విలేకరిని పంపిస్తే ఆ పల్లెకి నేనే నా బండి మీద తీసుకెళ్తాను.

ఇంకొక్కటి రాసి ఆపేస్తాను. బ్రాంచీ మూసేముందు ఖాతాదారులకి తగినంత ముందుగా తెలియజేయాలని నిబంధన ఉంది. సెల్లుకి మెసేజ్ పంపామన్నారు, ఇంగ్లీషులో. మా పక్క షట్టరు మీద ఇప్పటికీ బోర్డు ఊడదీసిన మచ్చ తప్ప ఏమీ లేదు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆ మచ్చ కేసి చూసి, నా కేసి చూసి, "బ్యాంకు ఎటు పోయింది బాబాయ్" అని అడుగుతారు. రోజుకి పదిసార్లు చెప్పలేక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో దారి రాసి, బాణం గుర్తు వేసి షట్టరుకి అంటించాను. మొన్నటి వానకి అది తడిసిపోతే మళ్లీ ప్రింటు తీసి అంటించాను. అది నాలుగో కాగితం.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
కృష్ణా జిల్లా.