మీ డక్ట్ ఫ్యాను కిట్టు గురించి: పేజీలో 190, మా అల్మారాలో పాతిక

కస్టమర్ కేర్ వాళ్లకు, ఫిర్యాదులు చూసే అధికారికి,

నమస్తే. ఆర్డర్ నంబరు సబ్జెక్టులో రాశాను. బిల్లు, ఫొటోలు, వీడియోలు ఈ మెయిల్‌తో పాటే పెట్టాను. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే మెసేజీ మాత్రం దయచేసి మళ్లీ పంపకండి, అవి నా ఫోన్లో ఇప్పటికే కుప్పపడ్డాయి. ఈసారి ఫ్యాను గురించి తెలిసిన మనిషి ఎవరైనా చదివి, చదివానని రాస్తే చాలు.

నేను మీ దగ్గర కొన్నది ఇంట్లో మొక్కలు పెంచుకునే అల్మారాకు గాలి ఆడించే కిట్టు. నాలుగంగుళాల డక్ట్ ఫ్యాను, దానికో బొగ్గు ఫిల్టరు, ఎనిమిదడుగుల సాగే గొట్టం, క్లాంపులు, స్పీడు తగ్గించే రెగ్యులేటరు, అన్నీ కలిపి 6,499 రూపాయలు. అల్మారాలో మొక్కలేంటని మీవాళ్లు ప్రతి ఫోన్లోనూ ఒకలాంటి గొంతుతో అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా, మిరప నారు. హనుమకొండలో డాబా మీద నారు పోయడమంటే కోతులకు పోసినట్టే. వల కట్టినా చింపుతాయి, కుండీలు దొర్లిస్తాయి, తినేది తక్కువ, పీకి పారేసేది ఎక్కువ. దుగ్గొండి నుంచి మా పెద్దమ్మ చపాటా మిరప గింజలు పంపింది. టమాటాలా గుండ్రంగా, మంచి ఎరుపు రంగులో, కారం తక్కువగా ఉంటుంది, పచ్చడికి దాన్ని మించింది లేదు. 2025లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది. ఆ గింజల్ని కోతులపాలు చేయడం ఇష్టం లేక, మధ్య గదిలో పాత బట్టలు కుక్కే గోడ అల్మారా ఖాళీ చేసి, ట్రేలు పెట్టి, 120 వాట్ల ఎల్ఈడీ లైటు వేలాడదీశాను. తలుపు మూస్తే లోపల గాలాడదు, అందుకే మీ కిట్టు.

మా అల్మారా నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, ఏడడుగుల ఎత్తు. అంటే 56 ఘనపుటడుగులు. నిమిషానికి ఒకసారైనా లోపలి గాలి మొత్తం మారాలని, అంటే 56 సీఎఫ్ఎమ్ (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి అని చెప్పే కొలత) ఉంటే సరిపోతుందని, మీ ఫ్యాను 190 సీఎఫ్ఎమ్ కాబట్టి నాకు కావలసిన దానికి మూడింతలు పైనే అని మీ పేజీలో ఉన్న లెక్కల డబ్బానే చెప్పింది. నేను కొన్నది ఆ అంకె చూసే.

ఫ్యాను వచ్చాక దాని ఒంటికి అంటించిన చిన్న వెండి రేకు చూడండి, ఫొటో పెట్టాను, కొంచెం పెద్దది చేసుకుని చదవండి. అక్కడా 190 అనే ఉంది. కానీ పక్కన ఉన్నది సీఎఫ్ఎమ్ కాదు, గంటకు ఘనపు మీటర్లు. ఒక సీఎఫ్ఎమ్ అంటే గంటకు దాదాపు 1.7 ఘనపు మీటర్లు. ఆ లెక్కన మీ 190 అసలు 112 సీఎఫ్ఎమ్ మాత్రమే. అంకె అలాగే ఉంచి కొలత మార్చేసి అమ్ముతున్నారు. ఇది టైపు చేసేటప్పుడు జరిగిన పొరపాటని మీవాడొకడు ఫోన్లో అన్నాడు, సరే పొరపాటే అనుకుందాం, ఆ మాట అన్నాక ఇన్ని వారాలైనా పేజీలో 190 సీఎఫ్ఎమ్ అలాగే ఎందుకుంది? ఈ మెయిల్ రాసే ముందు కూడా చూశాను, ఉంది, స్క్రీన్‌షాట్ తీశాను.

పోనీ ఆ 112 అయినా వస్తుందా అంటే అదీ లేదు.

లైటు వేసి, తలుపు మూసి, ఫ్యాను ఫుల్ స్పీడులో పెడితే గదిలో 30 డిగ్రీలున్నప్పుడు అల్మారాలో 38.5 చూపిస్తోంది. తలుపు తీసి చెయ్యి పెడితే మధ్యాహ్నం ఎండలో ఆపిన కారులోకి చెయ్యి పెట్టినట్టుంది. ఎనిమిదిన్నర డిగ్రీల తేడా. లైటు తాగే కరెంటంతా చివరికి వేడిగానే మిగులుతుంది, 120 వాట్ల లైటంటే లోపల 120 వాట్ల హీటరు పెట్టినట్టే, ఎల్ఈడీ అయినా సరే. ఆ వేడిని గాలి ఎంత మోసుకుపోతుందో తెలుసుకోవడం కష్టమేం కాదు. వాట్లను 1.76తో గుణించి సీఎఫ్ఎమ్‌తో భాగిస్తే ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో వస్తుంది. మీరు చెప్పిన 190కి అయితే ఒక డిగ్రీ పైచిలుకు పెరగాలి. 112 అయినా రెండు డిగ్రీల లోపే. ఎనిమిదిన్నర పెరుగుతోందంటే మీ ఫ్యాను లాగుతున్నది సుమారు 25 సీఎఫ్ఎమ్. తలుపు నుంచి, చెక్కల నుంచి కొంత వేడి దానంతటదే బయటికి పోతుంది కదా, అది కూడా లెక్కేస్తే ఆ పాతిక కూడా ఎక్కువ చెప్పినట్టే.

ఈ లెక్క మీకు నచ్చకపోతే చెత్త సంచి వీడియో చూడండి. 120 లీటర్ల నల్ల సంచిని గొట్టం చివర కట్టి, గాలి మొత్తం పిండేసి వదిలాను. ఫిల్టరు, గొట్టం, అంతా మీరు చెప్పినట్టు బిగించిన ఫ్యానుకు అది ఉబ్బడానికి పది సెకన్లు పట్టింది. నిజంగా 190 సీఎఫ్ఎమ్ అయితే సెకనున్నరలోపు నిండిపోవాలి, సంచి టప్‌మని లేవాలి. ఇక్కడ ముసలి పాములా మెల్లగా కదులుతూ లేచింది, మా అత్తమ్మ పక్కన నిలబడి నవ్వుతున్న గొంతు కూడా వీడియోలో ఉంటుంది, పట్టించుకోకండి. ఫిల్టరూ గొట్టమూ తీసేసి ఒట్టి ఫ్యానుకు కట్టినా రేకు మీది అంకె ప్రకారం నిండాల్సిన రెండు, రెండున్నర సెకన్లలో నిండలేదు.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఫ్యాను మీద వేసే అంకె ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పటిది. బొగ్గు ఫిల్టరు తగిలిస్తే కొంత పోతుంది, సాగే గొట్టం లోపల మడతలుంటాయి కాబట్టి ఇంకొంత పోతుంది, ఒంపు ఒకటి వస్తే మరికొంత. ఇది ప్రపంచంలో ఏ ఫ్యానుకైనా ఉండేదే, నేను కాదనడం లేదు. కానీ మీరు అమ్మేది ఒట్టి ఫ్యాను కాదు, కిట్టు. ఫిల్టరు, గొట్టం మీరే ఇస్తున్నారు, అవి బిగించాక ఎంత వస్తుందో చెప్పాల్సింది మీరే. ఆ అంకె మీ పేజీలో ఏ మూలా లేదు. పైగా ఆ ఫిల్టరు వద్దు, తీసేసి ధర తగ్గించండి అని కొనేటప్పుడే చాట్‌లో అడిగాను, కిట్టు విడదీయం అన్నారు. మిరప నారుకు వాసనేముంటుందండీ ఫిల్టరు పెట్టి ఆపడానికి?

మీ కస్టమర్ కేర్ సలహాల సంగతి కూడా చెప్పాలి. గాలి లోపలికి వచ్చే దారి చాలలేదేమో అన్నారు. పైన గాలి పోయే బొక్క ఒకటైతే, కింద అదే సైజువి రెండు కొట్టించాను, దోమల జాలీ కూడా వెడల్పు కళ్లది వేయించాను. గాలి బయటికి పోతోందా, గదిలోనే తిరుగుతోందా అన్నారు. గొట్టం కిటికీ పైనున్న వెంటిలేటరు నుంచి బయటికి పెట్టాను, ఫొటో చూడండి. గొట్టంలో ఒంపు ఉంది కాబట్టి అలా అవుతుంది అన్నారు. ఉన్నది ఒకే ఒక ఒంపు, మీ డబ్బా మీద బొమ్మలో రెండున్నాయి! చివరికి "తలుపు కొంచెం తీసి పెట్టుకోండి మేడమ్" అన్నారు. తలుపు తీసి పెట్టుకునేదైతే నాకు ఈ ఆరున్నర వేల ఫ్యానెందుకు, గదిలో సీలింగ్ ఫ్యాను లేదా?

మీ కిట్టుతో వచ్చిన కాగితం ఇంకో వింత. అందులో గాలి లోపలికి వచ్చే బొక్కను పైన, ఫ్యాను పక్కనే గీశారు. అలా పెడితే వచ్చిన గాలి వచ్చినట్టే ఫ్యానులోకి పోతుంది, కింద మొక్కల దగ్గర గాలి కదలనే కదలదు. బొక్కలు కొట్టడానికి వచ్చిన వడ్రంగికి ఆ కాగితం ఇస్తే, అతను అటూ ఇటూ తిప్పి చూసి, "వేడి పైకే పోతది గదక్కా, చల్లగాలి కిందికెళ్లి రావాలె, ఇదెవడు గీసిండు?" అన్నాడు. మీ దగ్గర ఆ కాగితం గీసినాయన ఎవరో గాని ఒకసారి మా వడ్రంగితో మాట్లాడిస్తే బాగుంటుంది.

ఇక నాకు నిజంగా భయం పుట్టించిన విషయం. ఫ్యాను బాడీ మొత్తం ఇనుప రేకు. ఒకరోజు తడి చేత్తో గొట్టం సర్దుతుంటే జివ్వుమంది. ఎలక్ట్రీషియన్ని పిలిస్తే ప్లగ్గు విప్పి చూపించాడు: మూడు పిన్నుల ప్లగ్గులోకి వచ్చింది రెండు వైర్లే, పెద్ద పిన్ను ఖాళీగా ఉంది. ఫ్యాను వైపు ఎర్త్ స్క్రూ ఉంది, దానికి ఏ వైరూ లేదు. మా ఇంట్లో ఎర్తింగ్ బాగానే ఉందని అతనే చూసి చెప్పాడు, కానీ దాని దాకా తీసుకెళ్లే వైరే లేనప్పుడు ఇంటి ఎర్తింగ్ ఏం చేస్తుంది? నీళ్లు చల్లే చోట, తేమ పట్టే చోట వాడమని అమ్మే వస్తువు ఇది. విప్పిన ప్లగ్గు ఫొటో, ఎర్త్ స్క్రూ ఫొటో రెండూ పెట్టాను. నా డబ్బుల సంగతి తర్వాత, ముందు ఇదే బ్యాచ్ కొన్నవాళ్లకు ఫోన్లు చేసి స్విచ్ ఆపుకోమని చెప్పండి. రెగ్యులేటరు కూడా చూసుకోండి, సగానికి తిప్పితే మోటారు గుయ్యిమంటుంది, కాసేపటికి దాని ప్లాస్టిక్ డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలుతుంది.

నారు సంగతి అడుగుతారేమో. పగలు వేడి, రాత్రి లైటు ఆపాక తేమ 90 శాతం దాటి, పొద్దున తలుపు తీస్తే లోపలి వైపు సన్‌మైకా మీద నీటి చుక్కలు కారుతుండేవి. రెండాకులు విచ్చుకున్న మొలకలు మట్టికి ఆనుకునే చోట సన్నబడి, దారంలా అయిపోయి, ఆకులు పచ్చగా ఉండగానే ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. నారుకుళ్లు. ట్రేలో ఒక మూల మొదలై రెండు మూడు రోజుల్లో ట్రే అంతా పాకింది. గాలి కదలక, తేమ నిలిస్తే వచ్చే తెగులని మిరప వేసే ఏ రైతునడిగినా చెప్తాడు. ఆ నారుకు నేను డబ్బు అడగడం లేదు, పెద్దమ్మ దగ్గర గింజలింకా ఉన్నాయి. కానీ "మొక్కలు చావడానికి చాలా కారణాలుంటాయి" అని మీరు రాసిన మెసేజీ చదివినప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

వాపసు అడిగితే ఏడు రోజుల గడువు దాటింది, పైగా వాడిన వస్తువు తీసుకోం అంటారు. వాడకుండా దాని గాలి ఎంతో నాకెలా తెలుస్తుంది? నేను మొదటి ఫిర్యాదు పెట్టింది గడువులోపే, టికెట్ మీద తేదీ ఉంది. దాన్ని టెక్నికల్ టీమ్‌కు పంపాం అన్నారు, ఆ టీమ్ నుంచి ఒక్క ఫోనూ రాలేదు, నాలుగు రోజులకు "మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు" అని మెసేజీ వచ్చింది. మళ్లీ టికెట్ తెరిస్తే గడువు దాటిందన్నారు. మీరే మూసేసి, మీరే ఆలస్యం అంటే ఎలా?

నాకు కావలసింది ఇదీ. 6,499 మొత్తం వెనక్కి, వస్తువు మీ ఖర్చుతో మీరే తీసుకెళ్లాలి, బొక్కలు కొట్టించిన ఖర్చు నేనే భరిస్తాను. కొత్త పీసు పంపుతాం అనకండి, అదే ఫ్యాను అదే రేకుతో ఇంకోటి వచ్చి నాకేం లాభం? పేజీలో కొలత సరిచేసి, ఫిల్టరు, గొట్టంతో కలిపి ఎంత గాలి వస్తుందో రాయండి. ఎర్త్ వైరు సంగతి మీ ఫ్యాక్టరీకి చెప్పి, ఏం చేశారో నాకు రాతపూర్వకంగా తెలపండి.

ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు తేల్చాలని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. అందిందని మీరు ఇప్పటికైనా చెప్పండి. నెల దాటితే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీ ఆఫీసున్న ఊరికి రానక్కర్లేదు, నేనున్న చోటే వేయొచ్చు, ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. ఇది బెదిరింపు కాదు, తర్వాత మాకు చెప్పలేదని మీరు అనకుండా చెప్పి పెడుతున్నాను.

వస్తువు తీసుకెళ్లడానికి మనిషిని పంపేటట్టయితే ఒకరోజు ముందు ఫోన్ చేయమనండి. ఫ్యాను, ఫిల్టరు, రెగ్యులేటరు డబ్బాలో సర్ది పెట్టాను. గొట్టం మాత్రం ఒకచోట అల్యూమినియం పొర చిరిగింది, క్లాంపు బిగించేటప్పుడే చిరిగింది, దాని ఫొటో కూడా ఉంది, దాన్ని చూపించి డబ్బు కోస్తామంటే మాత్రం ఒప్పుకోను.

ఇట్లు,
హనుమకొండ నుంచి మీ కస్టమర్