ఈ ఏడాది మన కుట్టుపని సంఘం ఏం చేసిందంటే: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా మగ్గం వర్క్ జాకెట్లతో మొదలుపెట్టి వాటితోనే ముగించేవాళ్ళం. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే ఆర్డర్లు, టెన్షన్, రాత్రిళ్ళు మేలుకోవడం. అందుకే జనవరి మీటింగ్‌లో ఒక మాట అనుకున్నాం, ఆర్డర్లు ఎన్ని ఉన్నా శనివారం మధ్యాహ్నం మాత్రం కొత్తది నేర్చుకోవడానికే అని. ఆ మాట నిలబెట్టుకున్నాం.

ఎక్కువ శనివారాలు లంబాడీ అద్దాల పనికే పోయాయి, పోనివ్వండి, అంత విలువైన పని అది. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చి మన పక్క వీధిలో ఉంటున్న అక్క తన తల్లి పెళ్ళినాటి కాంచళి (రవిక), ఫేటియా (పావడా), టుక్రి (తల మీద వేసుకునే ఓణీ) తెచ్చి చాప మీద పరిచిన రోజు ఎవరూ సూది పట్టుకోలేదు, గవ్వలూ అద్దాలూ తడిమి చూస్తూనే సాయంత్రం అయిపోయింది. అద్దాన్ని జిగురుతో అతికిస్తారా అని అడిగితే, "దారమే పట్టుకోవాలమ్మా" అంది. అద్దం మీదుగా ముందు నిలువుగా రెండు, అడ్డంగా రెండు దారాలు వేయాలి, వాటి మీద ఐమూలగా ఇంకో నాలుగు. అప్పుడు ఆ చట్రం కిందికి సూది దూర్చి చుట్టూ కాజా కుట్టులా కుట్టుకుంటూ రావాలి. మనందరం మొదట చేసిన తప్పు ఒకటే, చట్రం దారాలు అద్దం అంచుకు దగ్గరగా వేశాం. చుట్టూ కుట్టేటప్పుడు అవి బయటికి లాగుతాయి కాబట్టి అద్దం ఊడి ఒళ్ళో పడింది. కాస్త నడిమికి, బిగువుగా వేస్తే ఇక కదలదు.

ఒక నష్టం కూడా చెప్పాలి. తెల్ల ఖాదీ మీద వారాల తరబడి కుట్టిన టేబుల్ క్లాత్‌ని మొదటిసారి ఉతకగానే ఎర్ర దారం రంగు దిగి గుడ్డంతా గులాబీ రంగు పట్టింది. కుట్టిన చెల్లెలు ఏడ్చింది, నాకూ చాలా బాధేసింది. ఇకమీద ముదురు రంగు దారం లచ్చి ఏది కొన్నా, ముందు ఒక పోగు తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూడనిదే పని మొదలుపెట్టవద్దు.

వానాకాలంలో బొంతలు కుట్టాం. పాత నూలు చీరలు పొరలుగా పరిచి, నలుగురం నాలుగు వైపులా కూర్చుని, ముందు వదులుగా టాకాలు వేసుకుని ఆ తర్వాత దగ్గర దగ్గరగా కుట్టుకుంటూ పోయాం. బెంగాల్ కాంతా కుట్టుపని కూడా ఇలా పాత చీరల పొరల మీద పుట్టిందే, మన అమ్మమ్మల బొంతని మాత్రం మనం ఎందుకో కళ అనుకోలేదు. కర్ణాటక ఎంబ్రాయిడరీ కసూతి నాలుగు వారాలే చూశాం. అందులో గవంతి కుట్టు ముడి లేకుండా రెండు వైపులా ఒకేలా రావాలి, అది ఇంకా మన చేతికి రాలేదు. మెంతి కుట్టు (అడ్డదిడ్డంగా ఇంటూ గుర్తులా వేసేది) మాత్రం అందరికీ వచ్చేసింది.

డిసెంబర్‌లో కొందరం నరసాపురం వెళ్ళి క్రోషా లేసు అల్లేవాళ్ళ దగ్గర ఒక రోజంతా కూర్చున్నాం. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సూది పని కాకపోయినా దారం బిగువు గురించి వాళ్ళ దగ్గర చాలా నేర్చుకున్నాం.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు. వచ్చే శనివారం ఇంకో బొంత మొదలుపెడుతున్నాం, ఇంట్లో మెత్తబడిన నూలు చీర ఉంటే ఉతికి తీసుకురండి.